గాయపడ్డ క్రీడాకారులు జట్టు డాక్టరును నమ్మవచ్చా?

కిందటి సంవత్సరం ఒక సోమవారం ఉదయం మా ఎముకల విభాగానికి ఒక తండ్రి తన కూతురిని తీసుకొని వచ్చారు. అమ్మాయికి పదిహేడేళ్ళు, జిల్లా కబడ్డీ జట్టులో ఆడుతుంది. రెండు రోజుల క్రితం సెమీఫైనల్లో కూతకు వెళ్ళి గిరుక్కున వెనక్కి తిరిగినప్పుడు మోకాలిలో టప్పుమని చప్పుడైంది. గంట తిరగకముందే మోకాలు కొబ్బరికాయంత వాచింది. జట్టు వెంట వచ్చిన డాక్టరు చూసి, "లిగమెంటు తెగినట్లుంది. ఆపరేషన్ తర్వాత మనకు తెలిసిన చోట చేయిద్దాం. ఇప్పటికి నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇస్తాను, కట్టు వేసుకొని ఫైనల్ ఆడవచ్చు" అన్నారట. వర్షం వల్ల ఫైనల్ బుధవారానికి వాయిదా పడింది.

ఆ తండ్రి నన్ను ఒకే మాట అడిగారు. "డాక్టరు గారూ, ఆయనా డాక్టరే, మీరూ డాక్టరే. బుధవారం ఆడితే పిల్లకు స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందంటున్నారు. ఎవరి మాట వినమంటారు?"

ఈ ప్రశ్న ఆ ఒక్క తండ్రిది కాదు. మన కుటుంబాల్లో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్, ఖోఖో ఆడే పిల్లలు ఎందరో ఉన్నారు. కొందరు స్పోర్ట్స్ హాస్టళ్ళలో చదువుతున్నారు. గాయం తగిలిన రోజున తల్లిదండ్రులకు ఆలోచించుకునే తీరిక ఉండదు. అందుకే ఈ విషయం ముందుగానే తెలుసుకొని ఉండడం మంచిది.

జట్టు డాక్టరు వల్ల మేలు

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జట్టు డాక్టరు మనకు శత్రువు కాడు. గాయం ఎలా తగిలిందో కళ్ళారా చూసినవాడు ఆయనే. కాలు ఏ వైపు మెలిపడింది, చప్పుడు వచ్చిందా, లేచి నిలబడగలిగిందా అన్న వివరాలు తర్వాత చూసే డాక్టరుకు ఎంతో ఉపయోగపడతాయి. పెద్ద జట్లలో అయితే ఆటగాడి కండరాల బలం, పాత గాయాలు, పాత స్కానింగులు అన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. ఒకే రకమైన గాయాలను పదే పదే చూసిన అనుభవం కూడా ఆయనకు ఉంటుంది.

మన పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ ఉన్న కష్టం వేరు. చాలా పోటీల్లో డాక్టరే ఉండరు. వ్యాయామ ఉపాధ్యాయుడో, కోచో, నొప్పి మందు స్ప్రే పట్టుకున్న సీనియర్ ఆటగాడో 'వైద్యం' చేస్తారు. అలాంటి చోట ఒక డాక్టరు ఉండడమే అదృష్టం. కాబట్టి ప్రథమ చికిత్సకూ, గాయం ఏమిటో మొదట తేల్చడానికీ జట్టు డాక్టరు మాట తప్పక వినండి.

ఆలోచించవలసింది ఆ తర్వాత వచ్చే రెండు విషయాల దగ్గర. ఆపరేషన్ ఎవరితో, ఎప్పుడు చేయించుకోవాలి? తిరిగి ఆటకు ఎప్పుడు వెళ్ళాలి?

ఇద్దరు యజమానుల నడుమ

మీరు జబ్బు చేసి ఆసుపత్రికి వస్తే డాక్టరు ఎదుట ఉండేది మీరొక్కరే. జట్టు డాక్టరు పరిస్థితి అలా కాదు. ఆయన ఎదుట గాయపడ్డ ఆటగాడు ఉంటాడు, వెనక జీతం ఇచ్చే యాజమాన్యం ఉంటుంది. ఆటగాడి ప్రశ్న, "ఈ మోకాలు నాకు నలభై ఏళ్ళు పనిచేస్తుందా?" యాజమాన్యం ప్రశ్న, "ఆదివారానికి సిద్ధమవుతాడా?" రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఎంత నిజాయితీపరుడైన డాక్టరుకైనా ఈ ఒత్తిడి తప్పదు.

ఇంగ్లండులో జరిగిన రెండు సంఘటనలు చూడండి. 2009లో ఒక పెద్ద రగ్బీ మ్యాచ్‌లో హార్లెక్విన్స్ జట్టు ఆటగాడు నోట్లో నకిలీ రక్తపు గుళికను కొరికి, గాయమైనట్లు నటించి మైదానం బయటికి వచ్చాడు. బయటికి వెళ్ళిన మరో ఆటగాణ్ణి తిరిగి లోపలికి దింపడానికి పన్నిన పన్నాగం అది. తర్వాత మోసం బయటపడకుండా తన పెదవి నిజంగానే కోయమని అతడు జట్టు వైద్యురాలిని బతిమాలాడు. ఆమె కోసింది. వైద్యవృత్తిని పర్యవేక్షించే మండలి దాకా ఆ విషయం వెళ్ళింది.

రెండవది 2015 ఆగస్టులో జరిగింది. చెల్సీ ఫుట్‌బాల్ జట్టు వైద్యురాలు ఎవా కార్నీరో, రెఫరీ పిలిచిన మీదట, కింద పడిన ఆటగాడికి చికిత్స చేయడానికి మైదానంలోకి పరుగెత్తింది. నిబంధన ప్రకారం చికిత్స పొందిన ఆటగాడు కాసేపు బయట ఉండాలి. అప్పటికే ఒకరిని కోల్పోయిన జట్టు దానివల్ల తొమ్మిదిమందితో ఆడవలసి వచ్చింది. ఆట అర్థం కాలేదంటూ మేనేజరు ఆమెను బహిరంగంగా తప్పుపట్టాడు. ఆమె ఆ జట్టును విడిచిపెట్టింది. 2016లో క్లబ్బు ఆమెకు క్షమాపణ చెప్పి రాజీ చేసుకుంది.

మొదటి వైద్యురాలు ఒత్తిడికి లొంగింది, రెండవ ఆమె లొంగలేదు. ఇద్దరి మీదా ఒత్తిడి మాత్రం ఉంది. ఎదుటి డాక్టరు మంచివాడా చెడ్డవాడా అని తేల్చుకోవడం మన పని కాదు. ఆయన నిలబడ్డ చోటు ఎలాంటిదో తెలుసుకుంటే చాలు.

పేరున్న డాక్టరు అయితే చాలా?

క్రిస్ మారగోస్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టుకు ఆడేవాడు. 2017 అక్టోబరులో అతని మోకాలి వెనక లిగమెంటు తెగింది. పేరుమోసిన సర్జన్ ఆపరేషన్ చేశారు. ఆయన మరొక పెద్ద జట్టుకు డాక్టరు కూడా. కాని ఆటగాడికి మోకాలిలో మెనిస్కస్ కూడా కొంత చిరిగి ఉంది. మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య దిండులా ఉండే మెత్తని భాగం. దానికి సరైన చికిత్స చేయకుండానే తనతో తొందరపెట్టి కసరత్తులు చేయించారని, అందువల్ల మోకాలు పాడైపోయిందని అతడు కోర్టుకు వెళ్ళాడు. అతడు మళ్ళీ ఆడలేకపోయాడు. 2023 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా జ్యూరీ ఆపరేషన్ చేసిన సర్జన్‌నూ, తర్వాత చూసుకున్న వైద్య సంస్థనూ బాధ్యులుగా తేల్చి, 4 కోట్ల 35 లక్షల డాలర్లు చెల్లించాలని చెప్పింది.

ఆ డబ్బు ఎంతైనా మోకాలు తిరిగి రాదు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, స్కానింగ్ రిపోర్టులో ఉన్న ప్రతి గాయం గురించీ అడగాలి. "ఇది సరిచేస్తారా? చేయకపోతే ఎందుకు?" అని అడగడం తప్పు కాదు. రెండవది, ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గకుండా ఉంటే, "కసరత్తు చేస్తే అదే పోతుంది" అన్న మాటతో సరిపెట్టుకోకూడదు.

మన దేశంలో

క్రికెట్ అభిమానులకు వికెట్ కీపర్ వృద్ధిమాన్ సాహా గుర్తుండే ఉంటాడు. 2018 జనవరిలో దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ టెస్టు ఆడిన తర్వాత అతనికి తొడ కండరం పట్టేసింది. తర్వాత భుజం గాయం తేలింది. బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీలో అతని చికిత్స, పునరావాస వ్యాయామాలు సరిగా జరగలేదని పత్రికల్లో విమర్శలు వచ్చాయి. క్రికెట్ బోర్డు అదే సంవత్సరం జులైలో చికిత్స వివరాలన్నీ తెలుపుతూ ప్రకటన ఇచ్చింది. చివరికి ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో భుజానికి ఆపరేషన్ జరిగింది. అతడు మళ్ళీ టెస్టు ఆడింది 2019 అక్టోబరులో, మన విశాఖపట్నంలో. అంటే ఇంచుమించు ఇరవై ఒక్క నెలల తర్వాత. వెనక అంత పెద్ద బోర్డు ఉన్న ఆటగాడి విషయంలోనే ఇన్ని ప్రశ్నలు లేస్తే, జిల్లా జట్టులో ఆడే మన పిల్లల విషయంలో మనం మరింత జాగ్రత్తగా ఉండాలి కదా!

ఆపరేషన్ వెంటనే చేయించాలా?

కొన్ని గాయాలకు ఆలస్యం చేయకూడదు. ఎముక విరిగి చర్మం చీల్చుకొని బయటికి వచ్చినా, కీలు తప్పినా, పాదం చల్లబడి రంగు మారినా, తిమ్మిరి ఎక్కి వేళ్ళు కదలకపోయినా, తలకో మెడకో దెబ్బ తగిలి స్పృహ తప్పినా వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళాలి. అప్పుడు రెండవ అభిప్రాయం కోసం తిరగవద్దు. మోకాలు మడత దగ్గర బిగుసుకుపోయి చాపలేకపోతే ఆ వారంలోనే నిపుణుడికి చూపించాలి.

కాని మోకాలి ముందరి లిగమెంటు ఒక్కటే తెగినప్పుడు సాధారణంగా ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగిన తర్వాత ఆపరేషన్ చేయడమే చాలాసార్లు మేలు. అందరికీ ఆపరేషన్ అవసరం కూడా కాదు. స్వీడన్‌లో చురుకుగా ఆటలాడే 121 మంది యువతీయువకులపై ఒక పరిశోధన చేసి 2010లో ప్రచురించారు. వారిలో వృత్తి క్రీడాకారులు లేరు. ఒక వర్గానికి త్వరగా ఆపరేషన్ చేసి వ్యాయామాలు చేయించారు. మరో వర్గానికి ముందు వ్యాయామాలే చేయించి, అవసరమైనవారికే తర్వాత ఆపరేషన్ చేశారు. ఐదేళ్ళ తర్వాత చూస్తే రెండవ వర్గంలో దాదాపు సగం మందికి ఆపరేషన్ అవసరమే రాలేదు. మోకాలి పరిస్థితి రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. కబడ్డీలాగా గిరుక్కున తిరిగే ఆటలు మళ్ళీ ఆడాలనుకునేవారికీ, మెనిస్కస్ కూడా చిరిగినవారికీ ఆపరేషన్ వైపు మొగ్గు ఎక్కువ. ఏది ఎవరికి అన్నది కూర్చొని మాట్లాడి తేల్చుకోవలసిన విషయం. అంతేగాని బస్సులో నిలబడి తేల్చేది కాదు.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఈ ప్రశ్నలు అడగండి. కాగితం మీద రాసుకొని వెళ్ళండి.

1. గాయం పేరేమిటి? స్కానింగ్‌లో ఇంకా ఏమైనా కనిపించాయా?
2. ఆపరేషన్ చేయకుండా వ్యాయామాలతో చూస్తే ఏమవుతుంది? ఎన్నాళ్ళు ఆగవచ్చు?
3. ఇలాంటి ఆపరేషన్లు మీరు తరచుగా చేస్తుంటారా?
4. ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు ఎవరు చేయిస్తారు? ఎన్ని నెలలు? ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?
5. ఆటకు పంపే నిర్ణయం ఎవరిది? మీదా, కోచ్‌దా?
6. ఇక ఆట ఆడకపోయినా ఈ మోకాలికి మీరు ఇదే సలహా ఇస్తారా?

ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యమైనది. ఆట కోసం చెప్పే సలహా ఏదో, మనిషి కోసం చెప్పే సలహా ఏదో దానితో తేలిపోతుంది.

మరో డాక్టరును అడిగితే కోపం వస్తుందా?

చాలామంది ఈ భయంతోనే నోరు మెదపరు. డాక్టరు కోప్పడతారేమో, కోచ్ జట్టులోంచి తీసేస్తాడేమో అనుకుంటారు. అయితే పెద్ద పెద్ద క్రీడా సంస్థలే ఈ హక్కును రాసి ఇచ్చాయి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ సంఘానికీ లీగ్‌కూ మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం, జట్టు డాక్టరుతో సంప్రదించిన మీదట, ఆటగాడు క్లబ్బు ఖర్చుతోనే వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవచ్చు, తన సర్జన్‌ను తానే ఎంచుకోవచ్చు. జట్టు డాక్టరు మొదటి బాధ్యత క్లబ్బుకు కాదు, రోగి అయిన ఆటగాడికే అని 2011 ఒప్పందంలో రాసుకున్నారు. ఒలింపిక్ ఉద్యమ వైద్య నియమావళి కూడా క్రీడాకారులకు మరో వైద్యుడి అభిప్రాయం అడిగే హక్కు ఉందని చెబుతుంది.

మన దేశంలో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రెండవ అభిప్రాయం తీసుకునే హక్కు ఉంది. 2002 నాటి భారతీయ వైద్య మండలి నిబంధనల ప్రకారం, రోగి గాని అతని తరఫు మనిషి గాని అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలి. కనుక స్కానింగ్ ఫిల్ములు, రిపోర్టులు, ఆపరేషన్ నోటు ప్రతులు అడిగి తీసుకొని ఇంట్లో భద్రపరచుకోండి.

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. "డాక్టరు గారూ, మీ మీద నమ్మకం లేక కాదు. ఇది పిల్ల జీవితానికి సంబంధించిన విషయం గనుక ఇంకొకరికి కూడా చూపించుకుంటాం. దయచేసి ఒక ఉత్తరం రాసి ఇవ్వండి" అనండి. మంచి డాక్టరు ఎవరూ కాదనరు. కాదంటే, అదే మీరు తెలుసుకోవలసిన సంగతి.

ఇక్కడ రెండు హెచ్చరికలు చేయాలి. ఒకటి, బయటి సర్జన్ కూడా మనిషే. ఆపరేషన్ చేస్తేనే ఆయనకు ఫీజు వస్తుంది. మా ఆసుపత్రిని కూడా ఇదే కొలతతో కొలవండి, పై ఆరు ప్రశ్నలూ మమ్మల్నీ అడగండి. మనకు నచ్చిన మాట వినిపించేదాకా డాక్టర్లను మార్చుకుంటూ పోవడం మాత్రం రెండవ అభిప్రాయం కాదు. రెండు, లిగమెంటు, మెనిస్కస్ గాయాలకు పుత్తూరు కట్టు వంటి నాటు కట్లు వేయించి ఊరుకోవద్దు. లోపల ఏది తెగిందో కట్టు చెప్పదు.

తిరిగి ఆటకు ఎప్పుడు?

ఆపరేషన్ గంటా గంటన్నరలో అయిపోతుంది. అసలు వైద్యం ఆ తర్వాత నెలల తరబడి జరుగుతుంది. లోపల అమర్చిన కొత్త లిగమెంటు శరీరంలో అతుక్కొని గట్టిపడడానికి సమయం పడుతుంది. ఈలోగా తొడ కండరం సన్నబడిపోతుంది. ఆరో నెలకల్లా నడకలో తేడా కనిపించదు. నొప్పి ఉండదు. ఇంట్లోవాళ్ళు, కోచ్, ఆడే పిల్ల అందరూ "బాగైపోయింది" అనుకుంటారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముందరి లిగమెంటు ఆపరేషన్ అయినవారు ఆటకు తిరిగి వెళ్ళడాన్ని ఒక్కో నెల ఆలస్యం చేసేకొద్దీ మోకాలు మళ్ళీ గాయపడే అవకాశం దాదాపు సగానికి తగ్గుతూ వచ్చిందని తేలింది. తొమ్మిది నెలల వరకు ఈ లాభం కనిపించింది. అందువల్ల తొమ్మిది నెలల లోపు పోటీ ఆటకు పంపడం మంచిది కాదు.

అలాగని క్యాలెండరు ఒక్కటే చాలదు. పరీక్షలు కూడా పాసవ్వాలి. మోకాలిలో వాపు ఉండకూడదు. కాలు పూర్తిగా చాచి, పూర్తిగా మడవగలగాలి. గాయపడ్డ కాలి తొడ బలం రెండవ కాలితో పోల్చి చూస్తే కనీసం 90 శాతం ఉండాలి. ఒంటికాలిపై గెంతే పరీక్షలో కూడా రెండవ కాలితో పోల్చి చూస్తే కనీసం అంతే శాతం రావాలి. "కాలు ఇరుక్కుంటుందేమో" అన్న భయం ఆటగాడి మనసులోంచి పోవాలి. ఈ కొలతలు ఎవరు తీసినా సరే, అంకెలు కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. అంకెలకు ఫైనల్ మ్యాచ్ ఎప్పుడో తెలియదు.

నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ వేయించుకొని ఆడడం గురించి ఒక్క మాట. నొప్పి మన శరీరం వేసే కేక. ఇంజెక్షన్ ఆ కేకను ఆపుతుందే గాని తెగినదాన్ని అతకదు. లిగమెంటు తెగిన మోకాలితో ఆడితే, అప్పటిదాకా బాగున్న మెనిస్కస్ కూడా నలిగి చిరిగిపోవచ్చు. చిన్న వయసులో మెనిస్కస్ పోగొట్టుకున్నవారికి కీళ్ళ అరుగుదల ముందుగానే వస్తుంది.

ఆటగాళ్ళు కూడా నిజం దాచకూడదు. జట్టులో చోటు పోతుందని నొప్పి చెప్పకుండా దాచే పిల్లలను మేము తరచూ చూస్తుంటాం. డాక్టరు ఎంత మంచివాడైనా, చెప్పని నొప్పికి వైద్యం చేయలేడు.

ఓపికకు ఫలితం

ఆలస్యమైతే భవిష్యత్తు పోతుందని భయపడేవారికి మన పుల్లెల గోపీచంద్ గారిని గుర్తు చేస్తుంటాను. 1994లో ఆయన మోకాలికి పెద్ద గాయమైంది. శస్త్రచికిత్సలు చేయించుకొని, ఓపికగా కోలుకొని, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. గాయానికీ గెలుపుకూ మధ్య ఏడేళ్ళు ఉన్నాయి.

ఇక మొదట చెప్పిన అమ్మాయి సంగతి. ఆ రోజు నేను ఆ తండ్రికి చెప్పింది ఇంతే. "గాయం ఏమిటో ఆ డాక్టరు గారు సరిగ్గానే చెప్పారు, ఆ మాట నమ్మండి. బుధవారం ఆడవచ్చన్న మాట మాత్రం నమ్మకండి. నేను చెప్పేది కూడా ఇంకొకరిని అడిగి చూసుకోండి." ఆయన ఫిల్ములు తీసుకొని పట్నంలో మరో డాక్టరుకు కూడా చూపించి వచ్చారు. అమ్మాయి ఫైనల్ ఆడలేదు. జట్టు ఓడిపోయింది. ఆ ఏడు సీటు రాలేదు. ఇంట్లో కొన్నాళ్ళు ఏడుపులు, బంధువుల దెప్పిపొడుపులు తప్పలేదని ఆయనే చెప్పారు. స్కానింగ్‌లో లిగమెంటుతో పాటు మెనిస్కస్ అంచు కూడా చిరిగి కనిపించింది. వాపు తగ్గాక ఆపరేషన్‌లో రెండింటినీ సరిచేశారు.

ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. అమ్మాయి వారానికి మూడు రోజులు మా ఫిజియోథెరపీ విభాగానికి వస్తుంది. తొడ బలం కిందటి నెల పరీక్షలో 78 శాతం వచ్చింది. కోచ్ ఫోన్ చేసి "ఎప్పుడు పంపుతారు?" అని అడుగుతూనే ఉన్నారు. ఆ తండ్రి ఇప్పుడు ఎవరినీ సలహా అడగడం లేదు. "తొంభై వచ్చాక పంపుతాను సార్, అదీ తొమ్మిది నెలలు నిండాకే" అని ఆయనే జవాబు చెబుతున్నారు.